కుక్క బతికితే

సలోమి రోజుకు మూడుసార్లు పొయ్యి ముట్టించేది. తెల్లారకుండా ఇంట్లో మొదటిది. మొగుడు డేనియల్‌కి క్యారేజీ, అత్త ఫ్లోరెన్సమ్మకి టీ, తర్వాత గంజి, ఆ తర్వాత ఇంకో టీ. అవన్నీ అయ్యాక మూడు కిలోమీటర్లు నడిచి, మందస రోడ్డు పక్కన జీడితోటలో ఉన్న రేకుల షెడ్డుకి వెళ్లి రెండో పొయ్యి. అక్కడ అరవై కుక్కలకి నూకలు, చేప తలకాయలు కలిపి పెద్ద గుండిగలో ఉడికించాలి. సాయంత్రం ఇంటికొచ్చాక మూడోది. మూడు చోట్లా పొగ ఒకటే, కళ్లు మండడం ఒకటే. కాకపోతే రెండో పొయ్యి దగ్గర తిన్నవి తోక ఊపేవి.

షెడ్డు ముందు మూగజీవుల సంరక్షణ కేంద్రం అని బోర్డు ఉంది. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు మాత్రం కుక్కలాసుపత్రి అంటారు. పలాస, కాశీబుగ్గ వీధుల్లో దెబ్బలు తిన్న కుక్కల్నీ, హైవే మీద లారీలు గుద్దిన ఆవుల్నీ తెచ్చి బాగుచేస్తారు. నడిపే ఆవిడ సీతాదేవి, రిటైరైన టీచరు. వైద్యం చేసేది ఫణిశంకర్ అనే పశువుల డాక్టరు. కుక్కల్ని వలేసి పట్టి వ్యానులో తెచ్చేది పోలారావు. ఊడ్చేదీ, కడిగేదీ, వండేదీ సలోమి. అంతకుముందు ఆమె జీడిపిక్కలు కొట్టేది. జీడి నూనెకి వేళ్ల చర్మం పొరలు పొరలుగా ఊడిపోయి పిక్క పట్టుకోవడమే కష్టమయ్యాక మానేసింది. అదే ఫ్యాక్టరీలో డేనియల్ మేస్త్రీ. ఆ రోజు ఆమె చేతులు తిప్పి తిప్పి చూసి అతనన్న మాట ఇది: "పెళ్లిలో నాకు సూపించిన సేతులు ఇవి కావే. నేను మోసపోయినాను." ఆ చేతుల్ని ఏది తినేసిందో అతనికి తెలియక కాదు. తెలిసీ అనగలగడమే మగతనం అనుకునేవాడు.

రెండువేల రెండు ఏప్రిల్‌లో ఒక పొద్దున్న పోలారావు ఎర్ర కుక్కనొకదాన్ని తెచ్చాడు. దాని నోటినుంచి చొంగ తాడులా వేలాడుతోంది. తల ఒక పక్కకి వాల్చి, ముందుకాలితో మూతి గీరుకుంటోంది. పిచ్చికుక్క అని కాశీబుగ్గ బజారులో జనం కర్రలతో తరుముతుంటే వలేసి పట్టానని చెప్పాడు. బోనులో పడేసి గడియ పెట్టాక చూస్తే, పాత గిన్నె ఒకటి లోపలే ఉండిపోయింది. పొడుగు పట్టుకర్రతో గిన్నెలు లాగడం పోలారావు పని. అతను బీడీ ముట్టించుకుంటూ, "అప్పా, నువ్వే లాగీ. ఆడదాయివి, నిన్నేటీ అనదు" అన్నాడు. సలోమి గడియ తీసి చెయ్యి పెట్టింది. మోచేతి కింద మూడు పళ్లు దిగాయి.

సీతాదేవి పరుగెత్తుకొచ్చింది. "నువ్వెందుకు పెట్టావమ్మా చెయ్యి? అది నీ పనా?"

ఇది నీ పని కాదు అని సలోమితో ఎవరైనా అనడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. రక్తం కారుతున్నా ఆ మాట కొత్తగా వినిపించింది.

డాక్టరు కుళాయి కింద చెయ్యి పెట్టించి సబ్బుతో పావుగంట కడిగించాడు. "మనవాళ్లందరికీ ముందే పిచ్చికుక్క కాటు సూదులు వేయించారుగా, నువ్వు వేయించుకోలేదా?" అని అడిగాడు.

"నా పేరు రాయనేదండి."

సీతాదేవి గొంతు తగ్గించింది. "కుక్కల్ని ముట్టుకునేవాళ్ల పేర్లే పంపమన్నారు. తను వండే మనిషి కదా అని..."

"ఆ కుక్కల సూదే ఒకటి పొడిసీండి డాక్టరుగారూ" అన్నాడు పోలారావు. "ఈ అప్ప కూడా మన గుండిగలో కూడే కదా తింతాది, సరిపోద్ది." అని తనే నవ్వాడు. ఎవరూ నవ్వకపోతే బీడీ పారేశాడు.

సర్కారు ఆసుపత్రిలో ఆ మందు అయిపోయిందన్నారు. వారానికో పది రోజులకో వస్తుందట. ఫణిశంకర్ ఆమెకి నిదానంగా చెప్పాడు. కుక్కని పది రోజులు విడిగా ఉంచి చూస్తారు. దానికి పిచ్చి ఉంటే ఈలోగానే చచ్చిపోతుంది. పదో రోజుకి బతికుందంటే కరిచిన మనిషికి భయం లేదు. "కానీ అప్పటిదాకా చూస్తూ కూర్చోకూడదు. ఈ జబ్బు వచ్చిందంటే మందు లేదు. బయట కొనైనా సూదులు ఇవాళే మొదలుపెట్టాలి. మీ ఆయనకి చెప్పు."

చెప్పింది. డేనియల్ కాళ్లు కడుక్కుంటూ విన్నాడు.

"కుక్క బతికితే?"

"బతికితే ఏటీ నేదంట."

"మరింకేటి. పదిరోజులు సూద్దుం. అది బతికిందనుకో, కొన్న సూదులన్నీ దండగే కదా."

సలోమి అతని మొహం చూసింది. ఎద్దు బతుకుతుందో లేదో తేలాక దాణా కొందామనే రైతులో కూడా కాస్త దిగులుంటుంది. ఇతని మొహంలో అదీ లేదు. తువ్వాలు ఇమ్మని చెయ్యి చాపాడు. ఆమె అందించబోయింది. అప్పుడే ఫ్లోరెన్సమ్మ లోపలినుంచి కేకేసింది.

"ఒరే డేనీ! దాని సేతిది ముట్టుకోకురా! ఓసే, దండెం మీద బట్టలు కూడా ముట్టుకోకు. బావి కాడికెల్లకు. పొయ్యి కాడికి రాకు."

ఆ సాయంత్రం మూడో పొయ్యి ఫ్లోరెన్సమ్మ ముట్టించింది. సలోమిని ఇంటి వెనక, కొబ్బరి పీచు డొక్కలు పోసుకునే పాకలోకి మార్చారు. గోనె ఒకటి, పాత దుప్పటి ఒకటి విసిరారు. అన్నం కొబ్బరి చిప్పలో పెట్టి, చిప్పని కర్రతో తోసేది అత్త. తిన్నాక ఆ చిప్పని ఇంటి పొయ్యిలో పెట్టడానికి వీల్లేదు, సలోమే వేరే మంట వేసి కాల్చాలి. ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి చిప్పలకి కరువు లేదు కాబట్టి పూటకొకటి.

ఇరుగుపొరుగు ఆడవాళ్లు చూడటానికొచ్చారు. పాకకి పదడుగుల దూరంలో నిలబడి, కొంగు నోటికడ్డం పెట్టుకున్నారు. కుక్క కరిచిన ఆడదాని కడుపులో కుక్కపిల్లలు పడతాయని అక్కడ అందరూ చిన్నప్పట్నించీ విన్నదే. ఒకామె అదే గుర్తుచేసింది. ఫ్లోరెన్సమ్మ నిట్టూర్చి, సలోమికి వినపడేలాగే అంది:

"ఏటి సేత్తాం. అయిదేళ్లు ఉపాసాలుండి పార్దన సేసినాం, మా ఓడి వల్ల కానేదు. కుక్క ఒక్క కాటుతో ఇచ్చీసినాది."

నవ్వులు. కొంగుల వెనకనుంచి వచ్చే నవ్వులు ఎవరివో పోల్చుకోలేం. వాళ్లలో ఇద్దరు పోయిన నెల సలోమి చేత పురుటి బట్టలు ఉతికించుకున్నవాళ్లు.

మర్నాడు కేంద్రానికి వెళ్లింది. వెళ్లొద్దని ఎవరూ అనలేదు, పగలంతా దూరంగా ఉంటే నయమనుకున్నారు. అక్కడ ఎర్ర కుక్కకి కూడు పెట్టే మనిషి లేడు. సూదులు వేయించుకున్నవాళ్లకీ భయమే. పోలారావు తేల్చేశాడు. "నిన్ను ఎలాగూ కరిసీసినాది అప్పా. ఇంకోపాలి కరిసినా కొత్తగా పోయీది ఏటుంది? నువ్వే ఎట్టీ." సీతాదేవి ఏదో అనబోయి, ఆలోచించి, "జాగ్రత్త సలోమీ" అని ఊరుకుంది. సూదుల డబ్బు కోసం ఆవిడ కేంద్రం కమిటీకి ఉత్తరం రాసింది, జవాబు రావాలి.

అలా సలోమి తన చావో బతుకో తేల్చబోయే జంతువుకి తనే గిన్నె పెట్టింది. తలుపు తీయకుండా, పొడుగు గరిటెతో కమ్మీల సందులోంచి పోసేది. అది ముక్కలేవీ తినలేకపోయేది. గంజి మాత్రం నాలిక చాపి, సగం పారబోసుకుంటూ తాగేది. తాగుతూ ఆమెని చూసేది. ఆమె వేళ్లు మడిచి రోజులు లెక్కపెట్టుకునేది. ఒకటి. రెండు.

మూడో రోజు పొద్దున్న ఒక సంగతి జరిగింది. సలోమికి మెలకువ వచ్చేసరికి డొక్కల సందుల్లోంచి ఎండ మొహం మీద పడుతోంది. ఆమె గాభరాపడి లేచింది. టీ పెట్టలేదు, క్యారేజీ కట్టలేదు, నీళ్లు తేలేదు. అడుగు బయట పెట్టబోయి ఆగింది. ఇవేవీ ఇప్పుడు ఆమె చెయ్యకూడదు. చేస్తే తిడతారు. మళ్లీ గోనె మీద కూర్చుంది. పెళ్లయిన అయిదేళ్లలో ఎండ వచ్చేదాకా పడుకున్నది అదే మొదటిసారి. లోపల అత్త గిన్నెలు ఎత్తి కొట్టడం వినిపిస్తోంది. డేనియల్ చొక్కా దొరక్క కేకలేస్తున్నాడు. ఆ కేకలు తనవైపు రావడం లేదు. వాన ఎదురింటి మీద కురుస్తుంటే మన అరుగు మీద కూర్చుని చూసినట్టుంది. చెయ్యి సలుపుతోంది. చచ్చిపోతానేమో అన్న భయం పొట్టలో రాయిలా ఉంది. ఆ రాయి పక్కనే, సిగ్గులేకుండా, హాయి కూడా ఉంది.

ఇంకొకటి ఆమె ఎవరికీ చెప్పుకోలేదు. తాగొచ్చిన రోజున డేనియల్ ఆమెని పిలిచే పద్ధతి ఒకటుంది. పేరు పెట్టి పిలవడు, కాలితో తడతాడు. ఈ మూడు రోజులూ అతను పాక వైపు కన్నెత్తి చూడలేదు. కుక్క పెట్టిన మూడు గాట్లు అతన్ని ఆపాయి. రెండుసార్లు ఆమె జలంత్రకోటలోని పుట్టింటికి పారిపోతే ఆపలేనిది, అమ్మ ఏడిస్తే ఆపలేనిది, ఇవి ఆపాయి. ఆ రెండుసార్లూ సంఘపెద్ద తిమోతి డేనియల్‌ని వెంటబెట్టుకుని వచ్చి, ఆమెని బస్సెక్కించి తీసుకొచ్చాడు. "మందిరంలో అయిన పెళ్లి గుంటా ఇది. నువ్వు ఇలాగ ఎలిపోతే అవమానం నీకా, మందిరానికి" అన్నాడు మొదటిసారి. రెండోసారి టిక్కెట్టు తీసి చేతిలో పెట్టాడు.

అయిదో రోజు ఆదివారం, రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభు బల్ల. సలోమి మందిరంలో వెనక గోడ పక్కన కూర్చుంది. ఆమె చుట్టూ చాప ఖాళీ అయిపోయింది. రొట్టె ముక్కలు, చిన్న గ్లాసుల పళ్లెం పట్టుకుని తిమోతి వరస వరసా వస్తున్నాడు. ఆమె చెయ్యి చాపిందో లేదో, ఫ్లోరెన్సమ్మ లేచి నిలబడి, "అయ్యా, దానికియ్యకండి. ఆ పల్లెంలోవే మళ్లీ మేం తాగాల" అంది. తిమోతి ఒక్క క్షణం తటపటాయించి, పళ్లెం ఎత్తి పట్టుకుని ఆమెని దాటి వెళ్లిపోయాడు. చాపిన చెయ్యి అలాగే ఉంది. దాన్ని ఎలా వెనక్కి తీసుకోవాలో ఆమెకి కాసేపు తెలియలేదు. పాట మొదలైంది. అందరూ పాడారు. ఆమె కూడా పాడింది, గొంతు పోకూడదని, గొంతు పోవడం ఆ జబ్బు గుర్తని విన్నది కాబట్టి.

ఏడో రోజు ఎర్ర కుక్క గంజి కూడా ముట్టలేదు. మూలకి ఒరిగి పడుకుంది. పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. సలోమి బోను ముందు కూలబడింది.

అప్పటిదాకా ఆమె అప్పుడప్పుడు పోతే పోతానులే అనుకునేది. బావి గట్టు మీద ఆగిన రోజులున్నాయి. ఇప్పుడు నిజంగా చావు కమ్మీలకవతల పడుకుని ఊపిరి పీలుస్తుంటే, ఆమెకి బతకాలనిపించింది. ఎవరి కోసమో కాదు. డేనియల్ గుర్తురాలేదు, పుట్టబోయే పిల్లలు గుర్తురాలేదు, మొహం మీద పడిన ఎండ గుర్తొచ్చింది. ఇంకో పొద్దున్న అలా కావాలి. "లేయే" అంది కుక్కతో. "లేయే తల్లీ, నాతో ఆటలాడకు. తాగీ. ఒక్క గుక్క తాగీ." గరిటె రెండు చేతులతో పట్టుకుని దాని మూతి ముందు పెట్టింది. చాలాసేపటికి అది తల ఎత్తింది. ముందుకాలితో మూతిని మళ్లీ గీరుకుంది. ఒకే చోట, కుడి పక్కనే. సలోమి వంగి చూసింది. పిచ్చి పట్టింది అలా ఒకే చోట గీరుకుంటుందా?

డాక్టరుకి చెప్పింది. "దాని నోట్లో ఏదో ఉందండి బాబూ. ముల్లో, ఏదో."

ఫణిశంకర్ చెడ్డవాడు కాడు. కానీ అతనికీ పెళ్లాం ఉంది, చంటిపిల్ల ఉంది. "ఉంటే ఉండొచ్చు సలోమీ. పది రోజులు కాకుండా దాని నోట్లో చెయ్యి పెట్టమంటావా నన్ను?" అన్నాడు. ఆమె గరిటె తీసుకుని బోను దగ్గరికి వెళ్లింది. తనని పెట్టమన్నప్పుడు పోలారావు ఇంతసేపు ఆలోచించలేదు. ఆ మూడు రోజులూ నూకల్ని మెత్తగా రుబ్బి, గుడ్డలో వడగట్టి, పలచటి గంజి ఎడమ దవడ వైపునుంచి కొంచెం కొంచెంగా పోసింది. అది మింగింది. ఎనిమిది. తొమ్మిది.

పదో రోజు మధ్యాహ్నం డాక్టరు కుక్కకి మత్తు ఇచ్చి నోరు తెరిచాడు. అంగిట్లో, కుడి పళ్లకీ ఎడమ పళ్లకీ మధ్య అడ్డంగా ఒక ఎముక ముక్క బిగుసుకుని ఉంది. కుడి పక్కంతా చీము పట్టింది. పట్టకారుతో లాగితే టప్‌మని వచ్చేసింది. చొంగ కార్చిందీ, తల వాల్చిందీ, కరిచిందీ అందుకే. పది రోజులు ఇంతమంది చుట్టూ తిరిగినా దాని నోట్లోకి ఎవరూ చూడలేదు. అందరూ దూరంగా నిలబడి అది చస్తుందా బతుకుతుందా అని మాత్రమే చూశారు.

"పిచ్చీ లేదు ఏమీ లేదు. నీకేం భయం లేదమ్మా. ఇంటికెళ్లి చెప్పుకో" అన్నాడు ఫణిశంకర్.

సలోమి ఏడ్చింది. బోను కమ్మీలకి తల ఆనించి, వెక్కి వెక్కి, ముక్కు కారేలా ఏడ్చింది. సీతాదేవి మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. "కమిటీ ఇంకా జవాబు రాయలేదు, దేవుడే కాపాడాడు" అంది. తర్వాత, తప్పు చేసిన మనిషిలా, మళ్లీ ఎత్తుకుంది. "వెనక గదిలో ఉండి గాయాల కుక్కల్ని చూసుకునే మనిషి కోసం ఏడాదినుంచి వెతుకుతున్నాను. మీ ఆయన ఒప్పుకుంటే నువ్వే..." మధ్యలోనే ఆపేసింది. డేనియల్ ఒకసారి ఇదే గేటు దగ్గర నిలబడి, మా ఇంటి మనిషి కుక్కల పక్కన పడుకోదని చెప్పిపోయాడు.

గేటు బయట సైకిలు బెల్లు మోగింది.

డేనియల్ వచ్చాడు, వెనక తిమోతి. ఇద్దరూ గేటుకి చాలా అవతల, జీడిచెట్టు కింద నిలబడ్డారు. డేనియల్ చొక్కాకి రెండు గుండీలు లేవు. పది రోజుల్లో ఇల్లెలా ఉందో ఆ చొక్కా చూస్తే తెలుస్తోంది. సలోమి కళ్లు తుడుచుకుని గేటు దాకా వెళ్లింది.

"ఏటయినాది? పదోరోజు కదా" అన్నాడు డేనియల్. "అమ్మకి నడుం పట్టీసినాది. బియ్యం కడిగీవోలు నేరు. బతికిందంటే బేగి రా, ఎలిపోదుం. రేపు ఫేక్టరీవోలు మనింటికి బోజనానికొత్తన్నారు, ఇరవైమందికి వండాల."

"కాపరం సుబ్బరంగా సాగిపోద్ది గుంటా" అన్నాడు తిమోతి. "సాయంకాలం మీ ఇంట్లో స్తుతి కూడిక ఎట్టుకుందుం."

ఇరవైమంది. సలోమి ఆ అంకెని మనసులో చూసింది. ఇరవై ఇస్తరాకులు, ఇరవై ఎంగిళ్లు, రాత్రికి కాలి తాపు. బతికున్నానని చెప్పిన మరుక్షణం అవన్నీ మొదలవుతాయి. పది రోజులు ఆమె చావకూడదని దండం పెట్టుకుంది. ఎక్కడ బతకాలో మాత్రం ఎవరినీ అడగలేదు. అబద్ధం ఆడితే దేవుడేమంటాడో అనుకుంది ఒక్క క్షణం. పళ్లెం ఎత్తి పట్టుకుని దాటిపోయిన చెయ్యి గుర్తొచ్చింది. ఆ చెయ్యి తిమోతిది, దేవుడిది కాదు.

"సచ్చిపోనాది" అంది.

డేనియల్‌కి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక రెండడుగులు వెనక్కి వేశాడు. తిమోతి మూడు వేశాడు.

"ఎప్పుడు?"

"ఇందాక. పిచ్చే." గొంతు ఇందాకటి ఏడుపుతో బొంగురుపోయి ఉంది. దాన్ని సవరించుకోలేదు. "నన్ను ఇక్కడే ఒగ్గీండి మావా. ఇంటికొత్తే మీకే పెమాదం. ఎప్పుడు ఏటవుతాదో, ఎవుల్ని కరుత్తానో."

తిమోతి దూరంనుంచే కళ్లు మూసుకుని పెదాలు కదిపాడు. ఈసారి టిక్కెట్టు తీస్తాననలేదు. డేనియల్ ఆమె మొహం వైపు చూడలేక, చెవుల వైపు చూశాడు.

"మరి ఆ కమ్మలు... పెళ్లిలో మాయమ్మ ఎట్టినవి కదా. నీకింక ఎందుకు. తీసి ఆ గేటు తిన్ని మీద ఎట్టీసి, నువ్వెనక్కెల్లు."

సలోమి కమ్మలు తీసింది. తిన్నె మీద పెట్టి వెనక్కి నడిచింది. అతను జీడాకులు రెండు కోసి, వాటితో కమ్మల్ని పట్టుకుని, రుమాల్లో మూటకట్టాడు. సైకిలు తిప్పుకుంటుంటే షెడ్డులోంచి కుక్క ఒకటి మొరిగింది. మత్తు వదిలి, పది రోజుల తర్వాత నోరు నిండుగా తెరిచి, ఖంగుమని. మళ్లీ మళ్లీ మొరిగింది.

డేనియల్ ఉలిక్కిపడి వెనక్కి చూశాడు. "ఏటే అది?"

"అది ఏరే కుక్క" అంది సలోమి.